సెలవుల్లోనూ దిగని బీపీ

నా బీపీ 164/102 అంటే ఎంతో తెలియాలంటే నేను మా క్లాసు రూము సీలింగు వైపు చూస్తాను. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పేదాన్ని, ఎనిమిదో తరగతి పీడనం పాఠం ఏటా నాదే. బీపీ రీడింగులో 164 అంటే 164 మిల్లీమీటర్ల పాదరసం. పాదరసం నీటికి 13.6 రెట్లు బరువు, రక్తం నీటికన్నా కొంచెమే చిక్కన. లెక్క కడితే, గుండె ఎత్తులో ఒక ధమనికి గాజు గొట్టం నిలువుగా తగిలిస్తే రక్తం అందులో రెండు మీటర్ల పైచిలుకు ఎక్కుతుంది. నేను నిలబడి ఉంటే పది అడుగుల శ్లాబుకు తగులుతుందన్నమాట. 120 ఉన్న మనిషిదైతే ఫ్యాను రెక్కల దగ్గర ఆగిపోతుంది. మళ్ళీ ఇదంతా మన చుట్టూ ఉన్న గాలి పీడనం 760 ఉందే, దాని మీద అదనం.

ఈ గొట్టం పని నిజంగానే చేసినాయన ఒకడున్నాడు. స్టీఫెన్ హేల్స్ అని ఇంగ్లండులో ఓ చర్చి ఫాదరు. ఆడ గుర్రాన్ని పడుకోబెట్టి కట్టేసి, ధమనిలోకి గొట్టం పెట్టి, రక్తం ఎనిమిది అడుగుల పైకి ఎక్కిందని రాశాడు. ఆ పుస్తకం 1733లో అచ్చయింది. ఆ గుర్రానికి అప్పుడు ఎంత టెన్షనో, అది మామూలు రోజుల్లో ఎంత ఉండేదో ఎవరికీ తెలీదు. నా విషయంలో మొదటి రీడింగు దగ్గర నుంచీ నడిచిన గొడవంతా ఇదే.

నాకు 49. పన్ను పీకించుకోవడానికి వెళ్తే నా బీపీ బయటపడింది. పన్నుల డాక్టరమ్మ ఇంజెక్షన్ చేసే ముందు చేతికి పట్టీ చుట్టింది, మిషన్ గుయ్యిమంది, ఆవిడ మొహం మారింది. "మేడమ్, ఇవాళ పీకను. ముందు ఫిజీషియన్ దగ్గరకెళ్ళి లెటర్ తెచ్చుకోండి" అంది. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, చెమటలు లేవు. పన్ను నొప్పి తప్ప ఏ బాధా లేదు. పన్ను అలాగే పెట్టుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు స్టాఫ్ రూములో చెబితే అందరిదీ ఒకటే మాట: "టెన్షన్ మేడమ్." నిజమే, మాకు టెన్షన్‌కి కరువేముంది. పొద్దున్న బడిలో అడుగు పెట్టగానే ఫోన్ పట్టుకుని యాప్‌లో హాజరు, తర్వాత మధ్యాహ్న భోజనం లెక్క, మధ్యలో సర్వర్ పని చెయ్యకపోతే దాని గుండ్రం తిరగడం చూస్తూ కూర్చోవడం. పదో తరగతి రిజల్ట్సు. ఇంట్లో మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. హౌసింగ్ లోను. ఇన్ని ఉండగా బీపీ రాకపోతేనే వింత అన్నట్టు మాట్లాడారు. తెలుగు మాస్టారైతే "పన్ను పీకుతానంటే ఎవరికైనా పెరుగుతుందమ్మా" అని తేల్చేశారు. హిందీ మేడమ్ ఇంకో సూత్రం చెప్పింది: వయసుకు వంద కలుపుకుంటే ఎంతో అంత ఉండొచ్చట, ఆ లెక్కన నాకు 149 వరకు ఫర్వాలేదట. ఈ వయసు ప్లస్ వంద లెక్క మా నాన్నగారి రోజుల నుంచీ వింటున్నాను. డాక్టర్లు దీన్ని వదిలేసి చాలా ఏళ్ళయింది. పెద్దవాళ్ళకు ఆస్పత్రిలో 140/90, ఇంట్లో చూసుకుంటే 135/85, ఈ గీత దాటి నిలకడగా ఉంటే బీపీ ఉన్నట్టే. అమెరికా వాళ్ళు 2017లో ఆ గీతను ఇంకా కిందికి, 130/80కి దించారు.

సరే, టెన్షన్ సంగతి తేల్చాలంటే దారి ఒకటే కనిపించింది. టెన్షన్ లేని రోజు కొలవాలి.

దానికంటే ముందు ఊళ్ళో ఒక డాక్టరు దగ్గరకు వెళ్ళాను, పేరెందుకు. బయట నలభై మంది, లోపల ఆయన. రవికె చేతి మీదుగానే, పైన చీర కొంగు కూడా అడ్డంగా ఉండగానే పట్టీ చుట్టారు. చెయ్యి గాల్లో వేలాడుతోంది. కొలుస్తూనే "ఏ స్కూలు? మా వాడిని అక్కడే వేద్దామనుకున్నాం" అని అడుగుతున్నారు, నేను జవాబు చెబుతున్నాను. 170 అన్నారు. కింది అంకె చెప్పనేలేదు. ఆమ్లోడిపిన్ మాత్ర రాసి తర్వాతి పేషెంటును పిలిచారు. ఆయన రాసిన మందులో తప్పేమీ లేదు, బీపీకి మన దేశంలో మొదట ఇచ్చే మందుల్లో అదొకటి. ఆ కొలత మాత్రం నాకు మింగుడు పడలేదు. మా ల్యాబులో తొమ్మిదో తరగతి పిల్లాడు థర్మామీటరు అలా పట్టుకుంటే రికార్డు మీద సంతకం పెట్టను.

మెడికల్ షాపులో మిషన్ కొన్నాను. దండ చెయ్యికి చుట్టేదే కొన్నాను, మణికట్టు రకం వద్దన్నాను. పట్టీ సైజు చూసుకోవాలని షాపతను చెప్పడు, మనమే అడగాలి. లావు చేతికి చిన్న పట్టీ బిగిస్తే రీడింగు ఎక్కువ చూపిస్తుంది. పాదరసం మిషన్ అడిగితే ఇప్పుడెక్కడుందమ్మా అన్నాడు. పాదరసం వాడకం తగ్గించాలని దేశాల మధ్య 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం తర్వాత ఆస్పత్రుల నుంచి కూడా పాదరసం తగ్గిపోతూ వస్తోంది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి వినే ఆ టక్ టక్ చప్పుళ్ళను 1905లో కొరొట్కాఫ్ అనే రష్యన్ సర్జన్ పట్టుకున్నాడు. ఇంట్లో మిషన్ ఆ చప్పుళ్ళు వినదు. పట్టీలో గాలి వదులుతుంటే ధమని కొట్టుకోవడం వల్ల వచ్చే చిన్న చిన్న అదురులను లెక్క కడుతుంది. అందుకే మనం కదిలినా, మాట్లాడినా దానికి అయోమయం.

మిషన్ తెచ్చిన రోజు రాత్రి అందరూ పడుకున్నాక దానితో నా ల్యాబు మొదలుపెట్టాను. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో పెట్టి ఒకసారి. అదే చెయ్యి కుర్చీ పక్కకు వేలాడదీసి ఒకసారి. తల మీదికెత్తి పట్టుకుని ఒకసారి. వేలాడదీస్తే అంకె ఎగిరింది, పైకెత్తితే పడిపోయింది. నేను క్లాసులో చెప్పేదే, ద్రవం లోతు పెరిగితే పీడనం పెరుగుతుంది. చెయ్యి గుండె కన్నా పది సెంటీమీటర్లు కిందికి ఉంటే ఏడెనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ చూపించి తీరాలి. బోర్డు మీద ఇన్నేళ్ళు రాసిన సూత్రం నా సొంత చేతిలో పని చేస్తుంటే, అర్ధరాత్రి అయినా సరే, భలే సరదాగా అనిపించింది. మా ఆయన లేచి వచ్చి, చెయ్యి పైకెత్తి కూర్చున్న నన్ను చూసి "ఏమైందే?" అని కంగారు పడ్డారు. ఆయనకీ చుట్టాను. 128/82. నాకన్నా మూడేళ్ళు పెద్ద, రోజుకు నాలుగు టీలు, ఎప్పుడూ ఎవరి మీదో ఒకరి మీద చిరాకు. కోపిష్టి వాళ్ళకే బీపీ వస్తుందన్న మాట మా ఇంట్లో ఆ రాత్రితో చెల్లిపోయింది.

దసరా సెలవులిచ్చారు. యాప్ లేదు, హాజరు లేదు, అమ్మాయికీ సెలవులే. రోజూ పొద్దున్న లేచి, బాత్రూముకు వెళ్ళొచ్చి, టీ తాగకముందే కూర్చునేదాన్ని. వీపు కుర్చీకి ఆనించి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, అయిదు నిమిషాలు ఊరికే. ఈ అయిదు నిమిషాలే కష్టం. ఏ గృహిణికీ పొద్దున్నపూట అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవడం చేతకాదు. పాలు పొంగుతాయేమో, పనమ్మాయి వచ్చిందేమో. తలుపు వేసుకున్నాను. ఒక రీడింగు, నిమిషం ఆగి ఇంకోటి. రాత్రి పడుకునే ముందు మళ్ళీ అలాగే. అన్నీ టీచింగ్ డైరీ వెనక పేజీల్లో గళ్ళు గీసి రాశాను. మొదటి రోజువి కొత్త మీద కాస్త అటూ ఇటూ ఉంటాయి, వాటిని లెక్కలోంచి తీసేస్తారని తర్వాత డాక్టరు చెప్పారు. మిగతావాటి సగటు 148/94 తేలింది.

పన్నుల డాక్టరమ్మ దగ్గర చూపించిన 164 కన్నా తక్కువే. ఆ తేడా ఏదో టెన్షన్ ఖాతాలో వేసుకోవచ్చు. తెల్లకోటు చూస్తే బీపీ పెరిగే మనుషులు నిజంగానే ఉన్నారు, ఇంట్లో చూసుకుంటే వాళ్ళకు మామూలుగా ఉంటుంది. తిరకాసేమిటంటే, దీనికి ఉల్టా మనుషులు కూడా ఉన్నారు. ఆస్పత్రిలో బాగానే ఉండి ఇంట్లో, ఆఫీసులో ఎక్కువుండే రకం. నేను రెంటికీ చెందను. సెలవుల్లో, ఏ గొడవా లేని ఆదివారం పొద్దున్న, నిద్ర లేచి అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక కూడా నాది 148. ఇక టెన్షన్ మీద నెట్టడానికి ఏముంది? స్టాఫ్ రూములో ఈ డైరీ చూపిస్తే తెలుగు మాస్టారు కాసేపు చూసి, "అయితే సెలవులైపోతున్నాయన్న టెన్షనేమో" అన్నారు. ఆయనతో వాదించి గెలవలేం.

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస అటువైపు. కొబ్బరి తోటలు, జీడి తోటలు, పనస చెట్లు, బయటి నుంచి వచ్చినవాళ్ళు కోనసీమలా ఉందంటారు. మిగతా రాష్ట్రంలో క్రియాటినిన్ అంటే కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే రక్త పరీక్ష అని చదువుకున్నవాళ్ళకు కూడా విడమరిచి చెప్పాలేమో. మా దగ్గర చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. "మీ ఆయనకెంతుంది?" అని బస్టాపులో అడిగితే అది జీతం గురించి కాదు. షుగరూ బీపీ లేని, ఎండలో కాయకష్టం చేసుకునే మనుషులకు కూడా ఇక్కడ కిడ్నీలు పాడవుతున్నాయి. ఎందుకనేది ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా తేలలేదు. 2023 డిసెంబర్లో పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. కాబట్టి శ్రీకాకుళంలో నేను చూపించుకున్న రెండో డాక్టరు, రక్తం, మూత్రం, ఈసీజీ, క్రియాటినిన్, పొటాషియం అని చీటీ మీద రాస్తుంటే నాలుగో మాట దగ్గర నా అరచేతులు చల్లబడ్డాయి. బీపీ ఎక్కువైతే కిడ్నీ దెబ్బతింటుంది, కిడ్నీ దెబ్బతిన్నా బీపీ పెరుగుతుంది. నాకేది ముందు? రిపోర్టు వచ్చేదాకా ఆ మధ్యాహ్నం నాకు అసలైన టెన్షన్ అంటే ఏమిటో తెలిసింది. అప్పుడు కొలిచి ఉంటే హేల్స్ గారి గుర్రాన్ని మించిపోయేదాన్ని. క్రియాటినిన్ 0.8 వచ్చింది, మామూలే.

ఆ రెండో డాక్టరు చేసిన పని ఒకటి నాకు బాగా నచ్చింది. నా డైరీ పేజీలు చూసి, రెండు చేతులకూ బీపీ కొలిచి, తర్వాత "మేడమ్, మీ హ్యాండ్ బ్యాగులో ఉన్న మందులన్నీ ఈ టేబుల్ మీద పెట్టండి" అన్నారు. మందులేం లేవు సార్ అన్నాను. "అన్నీ" అన్నారు మళ్ళీ. తీశాను. రోజంతా నిలబడి పాఠం చెబితే మోకాలు పట్టేస్తుంది కదా, దానికి వేసుకునే డైక్లోఫెనాక్ షీటు, సగం ఖాళీ. ముక్కు దిబ్బడ మాత్రలు నాలుగు. చాక్‌పీసు పొడికి గొంతు పోతుందని బుగ్గన పెట్టుకునే అతిమధురం ముక్కలు, కాగితంలో పొట్లం కట్టినవి. ఆయన ఆ మూడింటినీ పక్కపక్కన పేర్చారు. నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి బీపీ పెంచుతాయి, కిడ్నీకీ మంచివి కావు, ఉద్దానం మనిషివి నీకు వేరే చెప్పాలా అన్నారు. ముక్కు దిబ్బడ మాత్రలు రక్తనాళాలను బిగిస్తాయి. మూడోది ఆయన చేతిలోకి తీసుకుని వాసన చూసి నవ్వారు. "ఇదెంతకాలం నుంచి?" గొంతు కోసం ఏళ్ళ తరబడి నమలుతున్నాను సార్, ఆకు మందే కదా అన్నాను. అతిమధురంలో గ్లిసరైజిన్ అనే పదార్థం ఉంటుందట. రోజూ తింటే అది ఒంట్లో ఉప్పును పట్టి ఉంచి, పొటాషియాన్ని బయటకు తోసేసి, బీపీని పెంచుతుందని వైద్య పుస్తకాల్లోనే ఉందట. నా పొటాషియం అందుకే అంచు మీద ఉందేమో అన్నారు.

కెమిస్ట్రీ చెప్పేదాన్ని, నాకు ఈ ముక్క కొత్త. మా స్కూల్లో సగం మంది టీచర్ల బ్యాగుల్లో ఆ పొట్లం ఉంటుంది. పాటలు పాడేవాళ్ళు, పురాణం చెప్పేవాళ్ళు అయితే ఇక చెప్పనక్కర్లేదు. మందుల షాపులో కొన్నది మందు, పచారీ షాపులో కొన్నది వంటింటి సరుకు అనే లెక్క మన ఒంటికి తెలీదు.

ఆ మూడూ ఆపి, ఒక నెల చూసి, అప్పుడు మాత్ర సంగతి తేలుద్దామన్నారు. మొదటి డాక్టరు రాసిన ఆమ్లోడిపిన్ అప్పటికి కొన్నాళ్ళు వేసుకున్నాను, సాయంత్రానికి చీలమండలు వాచి చెప్పు పట్టీ అచ్చు పడేది. అది ఆ మందుతో కొందరికి మామూలేనట. నిలబడి పని చేసేవాళ్ళకు ఇంకాస్త ఎక్కువ తెలుస్తుందట. దాన్నీ ఆపమని ఆయనే చెప్పారు, నేనుగా ఆపలేదు. మోకాలికి నొప్పి మాత్ర బదులు ఫిజియోథెరపీ దగ్గర నేర్చుకున్న వ్యాయామం, కుర్చీ వేసుకుని పాఠం. హెడ్‌మాస్టారు మొదట వింతగా చూశారు, ఇప్పుడు ఆయనా కూర్చునే చెబుతున్నారు.

ఇక ఉప్పు. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నేను నిజంగా మార్చగలిగింది ఇక్కడే.

మేము ఉప్పు ఊళ్ళ పక్కనే పుట్టినవాళ్ళం. రైల్లో పలాస నుంచి శ్రీకాకుళం రోడ్డు వైపు వెళ్తుంటే నౌపడ దగ్గర ఉప్పు కొటార్లు కనిపిస్తాయి, ఎండలో తెల్లగా కుప్పలు. చిన్నప్పుడు ఎడ్లబండి మీద కల్లుప్పు ఇంటికే వచ్చేది, అమ్మ కుంచంతో కొలిపించుకునేది. ఉప్పు దొరకడం ఎప్పుడూ కష్టం కాని చోట నాలుక కూడా అలాగే అలవాటు పడుతుంది. చోడి అంబలిలో ఉప్పు, తరవాణిలో ఉప్పు, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ మళ్ళీ ఉప్పు. ఎండు మెత్తళ్ళు, ఉప్పు చేప. ఊరమిరపకాయలు. ఆవకాయ సంగతి చెప్పేదేముంది, కారం ఎంతో ఉప్పు దాదాపు అంత.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఒక టీ స్పూను. మా ఇంట్లో ఎంత? కూరలో వేసేది చూస్తే తేలదు. కొత్త ఉప్పు ప్యాకెట్ చింపినప్పుడు దాని మీద మార్కర్‌తో తారీఖు రాశాను. అయిదుగురం. నెల తిరక్కుండానే కిలో అయిపోయింది. తలకు రోజుకు ఆరున్నర గ్రాముల పైమాటే. పచ్చడి జాడీలో ఉన్నది, అప్పడాల్లో ఉన్నది, సాయంత్రం బజ్జీల బండి మీద తిన్నది, మా పలాస వేయించిన ఉప్పు జీడిపప్పు, ఇవేవీ ఆ కిలోలో లేవు. మీ ఇంట్లో కూడా ప్యాకెట్ మీద తారీఖు రాసి చూడండి, డైటీషియన్ అక్కర్లేదు.

నాకు మాత్రమే వేరే చప్పిడి వంట చేసుకుంటే వారం దాటదని నాకు తెలుసు. అందుకని ఇంటిల్లిపాదికీ, ఎవరికీ చెప్పకుండా తగ్గించాను. ఉప్పు డబ్బాలో ఉండే చెంచా మార్చి పాత చిన్న చెంచా పెట్టాను. చెంచాల లెక్క అంతే, సైజే చిన్నది. మొదటి రెండు వారాలు ఆయనా అమ్మాయీ ఏమీ కనిపెట్టలేదు. మా అత్తగారు మాత్రం మొదటి పూటే పట్టేశారు. "ఏటమ్మా, పప్పులో ఉప్పే నేదు?" అన్నారు. సరిపోయింది అత్తయ్యా అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా లేచి వెళ్ళి ఆవకాయ జాడీ తెచ్చుకున్నారు. ఆ జాడీతో నాది ఇప్పటికీ పోరాటమే. పచ్చడి మానెయ్యమని ఎవరికీ చెప్పను, చెప్పినా వినరు. ఇప్పుడు జాడీ అటక మీద ఉంటుంది, వారానికోసారి చిన్న గిన్నెలోకి తీస్తాను, ఆ గిన్నె అయిపోతే మళ్ళీ వారం దాకా లేదు. కూరల్లో చింతపండు, నిమ్మకాయ, వాము, వెల్లుల్లి కాస్త పెంచాను. పెరుగన్నంలో ఉప్పు మానేశాను. మొదట గడ్డి తిన్నట్టుంది. కొన్ని వారాలకు నాలుక సర్దుకుంది, ఇప్పుడు పెళ్ళి భోజనంలో పప్పు నోట్లో పెట్టుకుంటే సముద్రం.

లో సోడియం ఉప్పు అని ప్యాకెట్లు వస్తున్నాయి కదా, అది వాడొచ్చా అని అడిగాను. అందులో సోడియం క్లోరైడు కొంత తీసేసి పొటాషియం క్లోరైడు కలుపుతారు. చైనా పల్లెల్లో దాదాపు 21,000 మంది మీద చేసిన అధ్యయనం 2021లో వచ్చింది, ఆ ఉప్పు వాడిన ఊళ్ళల్లో పక్షవాతాలు తగ్గాయి. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇళ్ళలో వాడుకోమని సూచించింది, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళను మాత్రం మినహాయించి. అసలు చిక్కు అక్కడే. కిడ్నీ సరిగా పని చెయ్యకపోతే పొటాషియం ఒంట్లో పేరుకుపోయి గుండె లయ తప్పుతుంది. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందులు కూడా పొటాషియాన్ని కొంత పెంచుతాయి. "హైదరాబాదు వాళ్ళకు చెప్పినంత తేలిగ్గా ఉద్దానం వాళ్ళకు చెప్పలేను" అన్నారు డాక్టరు. ఇంట్లో మామగారి క్రియాటినిన్ 1.6, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. ఒకే వంటింట్లో రెండు ఉప్పు డబ్బాలు పెట్టుకుని ఏదో ఒక రోజు తారుమారు చేసుకునే బదులు, ఉన్న ఉప్పునే తగ్గించుకుంటున్నాం.

నెల తర్వాత సగటు 139/88 దగ్గరకు వచ్చింది. డైక్లోఫెనాక్, అతిమధురం, ఉప్పు, పొద్దున్నే జీడి తోటల పక్క రోడ్డు మీద నడక, వీటిలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేను. ఒకేసారి నాలుగు మార్చిన ప్రయోగానికి నేనైతే మార్కులు వెయ్యను. కానీ 139 కూడా ఇంటి గీత 135కు పైనే. మాత్ర మొదలుపెడదామన్నారు డాక్టరు, టెల్మిసార్టాన్ 40.

ఇంట్లో గొడవ ఇక్కడ మొదలైంది. "ఒకసారి మొదలెడితే జీవితాంతం వేసుకోవాల, ఇప్పుడే ఎందుకమ్మా" అని అత్తగారు. మునక్కాయాకు రసం తాగమని ఆడపడుచు వాట్సాప్‌లో వీడియో. మా ఆయనది మధ్యేమార్గం, "ఇంకో నెల చూద్దాం." నాకు మాత్రం మా నాన్న గుర్తొచ్చారు. ఆయనకూ బీపీ ఉండేది. తల బరువుగా ఉన్న రోజు మాత్ర వేసుకునేవారు, బాగున్న రోజు మానేసేవారు. డబ్బా ఖాళీ కాకపోతే పొదుపు చేసినట్టు సంతోషించేవారు. 61 ఏళ్ళకు కుడి పక్క పడిపోయింది. తొమ్మిదేళ్ళు మంచం మీద ఉన్నారు, అమ్మ చేసింది. జీవితాంతం అంటే ఎంత కాలమో, ఎలా గడుస్తుందో నేను ఆ ఇంట్లో చూశాను. రోజుకో మాత్ర జీవితాంతం అన్నది నాకు అంత పెద్ద మాటగా వినపడలేదు.

మాత్ర మొదలుపెట్టాక రెండు మూడు వారాలకు మళ్ళీ క్రియాటినిన్, పొటాషియం చూశారు, ఆ మందుకు అది చూడాలి. రెండూ బాగున్నాయి. ఇప్పుడు పొద్దున్నపూట 124, 126 అలా ఉంటోంది, కింద 78, 80. పన్ను పీకించుకున్నాను. నెలసరి ఆగిపోయే వయసు కదా, ఒంట్లో మంటలు, రాత్రి రెండింటికి మెలకువ, ఆ నిద్రలేని రోజుల పొద్దున్న పది పాయింట్ల దాకా ఎక్కువ చూపిస్తుంది. ఆడవాళ్ళకు ఈ వయసు దాటాక బీపీ పెరగడం మామూలేనట, అప్పటిదాకా మగవాళ్ళకన్నా మనది తక్కువుండేది. అలాంటి రోజు డైరీలో అంకె పక్కన "నిద్ర లేదు" అని రాసుకుంటాను, మళ్ళీ మళ్ళీ కొలవను. గంటకోసారి కొలుచుకుంటూ కూర్చునే మనిషి ఒకావిడ మా వీధిలో ఉంది, ఆవిడకు మిషనే జబ్బయింది. 180/120 దాటి, దానితోపాటు గుండెలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా ఆస్పత్రికి పరుగెత్తమన్నారు. మిగతా రోజుల్లో ఒక్క రీడింగు చూసి గాబరా పడొద్దన్నారు. అంతే నాకు తెలిసింది.

ఇప్పుడు నా గొడవంతా తమ్ముడితో. వాడికి 44, చెన్నైలో ఉద్యోగం, మా నాన్న ముక్కు, మా నాన్న మొండితనం. కొలుచుకోరా అని పండగ నుంచీ పోరుతున్నాను. "నాకేం టెన్షన్ లేదక్కా, నాకెందుకొస్తుంది" అంటాడు. చివరికి మిషన్ ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టి వాడింటికే పంపాను. నిన్న రాత్రి ఫోటో పంపాడు, 152/96, కింద ఒక మెసేజ్: "మీ మిషన్ ఖరాబుది." ఫోటో పెద్దది చేసి చూశాను. మిషన్ సోఫా మీద ఉంది, చెయ్యి దాని పక్కన కిందికి వాలి ఉంది, చొక్కా చెయ్యి మీదే పట్టీ, కాలి మీద కాలు, పక్కన కాఫీ గ్లాసు, వెనక టీవీలో క్రికెట్. మిషన్‌ది తప్పేం లేదురా, టీవీ ఆపి, కాళ్ళు దించి, రేపు పొద్దున్న కాఫీకి ముందు మళ్ళీ కొలువు, వారం పాటు రాసి పంపు అని మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా జవాబు లేదు. వాళ్ళావిడకు ఫోన్ చేస్తాను.